మట్టెవాడలో కొలిచిన డోసు

కాజీపేట జంక్షన్‌లో ఆ సాయంత్రం రాజేశ్వర్ రావు నిలబడ్డవాడు నిలబడ్డట్టే చచ్చిపోయాడు. చేతిలో చాయ్ గ్లాసు. పక్కనుంచి ఒక మనిషి మడిచిన పేపరుతో ఆయన భుజం రాసుకుంటూ వెళ్లాడు, "సారీ" అన్నాడు, జనంలో కలిసిపోయాడు. రాజేశ్వర్ రావు మెడ మీద దోమ కుట్టినంత చుక్క. హైదరాబాద్ బండి వచ్చి ఆగేసరికి ఆయన స్తంభానికి ఆనుకుని జారిపోయి ఉన్నాడు. జేబులో పాన్ డబ్బా. అందులో వక్కపలుకుల మధ్య, మందుబిళ్ల కంటే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి.

మర్నాడు ఆ గొట్టం కాచిగూడలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ పై అంతస్తులో, ప్రభుత్వ గూఢచారి బ్యూరో చీఫ్ వెంకట్రాజం టేబుల్ మీద ఉంది. కింద మిషన్లు టకటకలాడుతుంటే పైన మాట్లాడే మాట పక్క గదికి కూడా వినిపించదు. అందుకే ఆ బిల్డింగ్.

"ఇదేందో ఎరుకేనా భాస్కర్?"

ఏజెంట్ భాస్కర్ గొట్టాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. బ్యూరోలో చేరకముందు అతను ఫిజిక్స్ చదివినవాడు.

"టీఎల్‌డీ క్యాప్సూల్ సార్. లోపల లిథియం ఫ్లోరైడ్ పొడి. చర్మం క్యాన్సర్‌కు రేడియేషన్ పెట్టేటప్పుడు పేషెంట్ ఒంటికి అతికిస్తరు. ఎంత డోసు తగిలిందో ఆ పొడి దాచిపెట్టుకుంటది. వేడి చేస్తే వెలుగిస్తది. ఎంత వెలుగో అంత డోసు."

"రాత్రే మన ల్యాబ్‌ల వేడి చేయించిన. ఉండాల్సిన దానికి పదింతలు వచ్చింది." వెంకట్రాజం సిగరెట్ ఆర్పాడు. "రాజేశ్వర్ రావు మట్టెవాడ ధర్మ దవాఖానల రేడియేషన్ ఫిజిసిస్ట్. ఫారిన్ సంస్థ ఒకటి ఆ దవాఖానకు రేడియేషన్ సోర్సులు ఊరికే ఇస్తాంది. ఆ సంస్థ డైరెక్టర్ పేరు వెర్నర్. పైకి సేవ. లోపల గూఢచారి ముఠా. రాజేశ్వర్ రావు నాకు ఫోన్ చేసిండు. 'ఉండకూడనిది ఒకటి కొలిచిన, పట్టుకొస్తాన' అన్నడు. తోవలనే చంపిన్రు. అదేందో నువ్వు తేల్చాలె."

"లోపల మనోళ్లు ఎవరన్న ఉన్నరా సార్?"

"ఒకరున్నరు. మనిషెవరో నీకు అవసరం లేదు. 'రామప్ప ఇటుక తేలుతదా' అని అడిగితే మనవాళ్లు. 'తేలుతది, మనుషులే మునుగుతరు' అని నువ్వు చెప్పాలె." చీఫ్ ఒక ఫోటో బోర్లా పెట్టి ముందుకు జరిపాడు. "ఇంకోటి. అక్కడ డోసు కొలిచేందుకు వెర్నర్ ఒకామెను తెచ్చిండు. డాక్టర్ సరస్వతి అంటాండ్లు."

భాస్కర్ ఫోటో తిప్పాడు. కింద మిషన్ల చప్పుడు ఒక్కసారి ఆగిపోయినట్టనిపించింది అతనికి.

అది భారతి.

ఆరేళ్ల కిందట, పెళ్లి కార్డులు అచ్చయ్యాక, భారతి బ్యూరో పని మీద విదేశం వెళ్లింది. మళ్లీ రాలేదు. కోడ్ పుస్తకం శత్రువుకు అమ్మిందన్నారు. ఆ దెబ్బకు ఇద్దరు ఏజెంట్లు చచ్చిపోయారు. ఆ కార్డుల కట్టను భాస్కర్ స్నానాల గదిలో కాగు కింద పెట్టి కాల్చాడు. మనిషిని మాత్రం కాల్చలేకపోయాడు.

"ఆమె కనబడితే?"

"ముట్టుకోకు. డోసు సంగతి చూడు." వెంకట్రాజం అతని కళ్లలోకి చూడలేదు.

*

వరంగల్ మట్టెవాడ సందుల్లో బట్టల దుకాణాలు, గాజుల దుకాణాలు దాటి వెళ్తే, బజారు వ్యాపారులు చందాలేసుకుని కట్టిన ఆ చిన్న దవాఖాన వస్తుంది. భాస్కర్ అక్కడికి మీటర్లు బాగుచేసే యాదగిరిగా వచ్చాడు. బూడిదరంగు బుష్‌షర్టు, దొంగ మీసం, సోడాబుడ్డి కళ్లద్దాలు. జేబులో పెన్ను, అది పెన్ను కాదు, డోసిమీటర్. వెలుతురుకు ఎత్తి కంటికి ఆనించి చూస్తే లోపల వెంట్రుకంత గీత, రేడియేషన్ తగిలినకొద్దీ పక్కకు జరుగుతుంది. చేతికున్న వాచీ రేడియేషన్ మితిమీరితే కీచుమంటుంది.

మొదట సెంటు వాసన వచ్చింది, వెనకాల భారతి. తెల్ల సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, మెడ దాకా కత్తిరించిన జుట్టు.

"ఎన్ని రోజులల్ల అయితది?" అని అడిగింది, మీటర్ వైపు చూపించి.

"రెండు దినాలల్ల ఇస్త మేడం."

ఆమె అతని వేళ్ల వైపు చూసింది. ఒక్క క్షణం. తర్వాత వెళ్లిపోయింది. గుర్తుపట్టిందని అతనికి తెలిసింది. ఎందుకు పట్టివ్వలేదో తెలియలేదు.

ట్రీట్‌మెంట్ గదిలో మొగిలమ్మ ఉంది. పాలంపేట నుంచి వచ్చిన ఆడమనిషి, నాట్లు వేసి బతికేది. రెండేళ్లుగా చెంప మీద మానని పుండు. మైనంతో ఆమె చెంప అచ్చు తీసి, ఆ అచ్చులో వడ్లగింజలంత సోర్సులు పొదిగి, రోజూ కొంతసేపు మొహానికి కట్టేవారు.

"బిడ్డా, గీ ముద్దల ఏమున్నది? సల్లగనే ఉంటది, నొస్తలేదు. మరి రోగమెట్ల పోతది?"

"కండ్లకు కనబడని నిప్పున్నదవ్వా. ఎక్కువైతే కాలుస్తది, తక్కువైతే పుండు మానది. గందుకే కొలుసుడు."

"కూరల ఉప్పు లెక్కనా?"

"గట్లనే." భాస్కర్ మీటర్ సరిచూసేందుకని కొత్త క్యాప్సూల్ ఒకటి అచ్చుకింద, చర్మానికి ఆనించి అతికించాడు. "రాజేశ్వర్ రావు సారు గూడ గిట్లనే పెడుతుండెనా?"

మొగిలమ్మ కళ్లు తడి అయ్యాయి. "మంచి సారు. పోయిన్రట గదా. ఆఖరు దినం వీపుకు గూడ ఒకటి అంటించిండు. రోగం మొగానికుంటే వీపుకెందుకు సారూ అన్న. నవ్విండు. అటెనుక గది పీకి పాన్ డబ్బల ఏసుకున్నడు."

భాస్కర్ చెయ్యి ఆగింది. ఆమె కూర్చున్న కుర్చీ వెనకాల గోడ. గోడకు అవతల తాళం వేసిన స్టోర్ రూమ్. ఇంకో క్యాప్సూల్ తీసి ఆమె వీపుకు అతికించాడు.

మర్నాడు పొద్దున్నే చీకటి గదిలో రెండింటినీ వేడి చేశాడు. చెంప మీద పెట్టిన పొడి సన్నగా, నీలంగా వెలిగింది. మీటర్ ముల్లు సరిగ్గా రావలసిన చోటికి వచ్చి ఆగింది. వీపు మీది పొడి ఏమీ చెప్పకూడదు. కానీ అది భగ్గుమంది.

చర్మ వైద్యానికి ఇచ్చే చిన్న సోర్సుల పెట్టెల చాటున ఇంకేదో వచ్చింది. ఎంత బలమైనదంటే, సీసంలో పెట్టినా గోడ దాటి తొంగిచూస్తోంది.

భాస్కర్ స్టోర్ రూమ్ తాళం పగలగొట్టాడు. గది ఖాళీ. సిమెంటు మీద బరువైన చక్రాలు ఈడ్చిన గాట్లు, గుమ్మం దాకా.

వెనక సెంటు వాసన. అతను తిరుగుతూనే పిస్టల్ తీశాడు.

"చేతులు పైకెత్తు."

"ఆ మీసం నీకు బాగలేదు" అంది భారతి. కళ్లద్దాలు తీసింది. కళ్ల కింద నల్లటి చారలు.

"నీ వల్ల ఇద్దరు చచ్చిపోయిన్రు. అండ్ల ఒకడు నా దోస్తు."

"రామప్ప ఇటుక తేలుతదా, భాస్కర్?"

పిస్టల్ బరువెక్కినట్టు అతని చెయ్యి కిందికి వాలింది. జవాబు చెప్పాడు. ఆ గొంతు తనది కాదనిపించింది.

"తేలుతది. మనుషులే... మునుగుతరు."

"వాళ్లిద్దరిని పట్టిచ్చింది వేరేవాడు. ఆ నింద నేను మీదేసుకున్న. ముఠా నన్ను నమ్మాలంటే మీరందరు నన్ను అసహ్యించుకోవాలె. నువ్వు అందరికంటే ఎక్కువ. నీ మొగం మీద అది నిజంగ కనబడాలె అన్నడు చీఫ్."

"ఆరేండ్లు, భారతీ."

"తర్వాత తిడుదువు. ఇప్పుడు జీపు తియ్యి."

*

ములుగు రోడ్డు నిండా మేడారం పోయే ఎడ్లబండ్లు. జాతర మొదలవబోతోంది. బండ్ల మీద బెల్లం దిమ్మెలు, కోళ్లు, పిల్లలు. భాస్కర్ హారన్ మీదనుంచి చెయ్యి తీయలేదు. పక్కన భారతి గబగబా చెప్పుకుపోతోంది.

"కోబాల్ట్ సోర్సు. పెన్సిల్ ముక్కంత. సీసం కుండల ఉంటది. పైన టేపు రికార్డర్ తీరు చెక్కపెట్టె. గడియారం టైముకు కడ్డీ పైకి లేస్తది, దాంతోని కోబాల్ట్ బయటికొస్తది. ఎంత దూరంల ఎంతసేపు కూసుంటే మనిషి చస్తడో లెక్క తీసుడు నా పని. ఎవరి కోసమో ఈ పొద్దటిదాక తెల్వలే. ఇప్పుడే వెర్నర్ డ్రైవర్ నోట విన్న. ములుగు రోడ్డు మీది గెస్ట్‌హౌస్."

భాస్కర్‌కు బ్యూరోలో విన్న మాట గుర్తొచ్చింది. అణుశక్తి శాస్త్రవేత్తలు తొమ్మిది మంది గుట్టుగా సమావేశమవుతున్నది ఆ రోజే, అక్కడే.

"నొప్పుండదు, వాసనుండదు" అంది భారతి. "మీటింగ్ చేసుకుంటరు, అన్నం తిని ఇంటికి పోతరు. నెల తిరిగేటాళ్లకు ఒక్కలొక్కలే పోతరు. దేశంల ఎవరికీ అనుమానం రాదు."

"రాజేశ్వర్ రావు?"

"ఆయన వీపు క్యాప్సూల్ సంగతి నాకే చెప్పిండు, నేను మంచిదాన్ననుకొని. ఎవరికీ చెప్పకుండ్రి సారూ అని చేతులు పట్టుకున్న. వెర్నర్ మనిషి తలుపు చాటున ఉన్నడని నాకు తెల్వలే."

గెస్ట్‌హౌస్ వరండాలో తెల్లచొక్కాల పెద్దమనుషులు చాయ్ కోసం చూస్తూ నవ్వుకుంటున్నారు. వాళ్లను దాటుకుని ఇద్దరూ హాలు గుమ్మం దగ్గరికి పరిగెత్తారు. గుమ్మంలో కాలు పెట్టగానే భాస్కర్ వాచీ కీచుమని అరిచింది. పెన్ను కంటికి ఆనించాడు. గీత ఆగకుండా జారుతోంది.

కడ్డీ ముందే లేచింది.

"నేను పోత" అన్నాడు భాస్కర్.

"ఆలస్యమైతే వరండలున్నోళ్లకు గూడ తగులుతది. ఆ కడ్డీకి ఒక మెలిక ఉన్నది. అది దింపుడు నీకు రాదు. వెతుక్కుంటనే చస్తవ్."

"నువ్వు చెప్పు, నేను చేస్త."

అడుగు వేశాడు. ఎదురుగా అతని పిస్టలే. జీపు కుదుపుల్లో ఆమె ఎప్పుడు తీసుకుందో!

"గుమ్మం దాటితే కాలుస్త. ఒట్టు, భాస్కర్." ఆమె వెనక్కి నడుస్తూ గుమ్మం లోపలికి అడుగు వేసింది. "ఇద్దరం పోతే లెక్క తప్పు. ఒక్కలే పోవాలె."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

భాస్కర్ పక్కనున్న కిటికీకి పరిగెత్తాడు. మందపాటి గోడ, మూలన చిన్న అద్దం. అందులోంచి కనిపించింది. భారతి పెద్ద టేబుల్ కింద బోర్లా పడుకుంది. చెక్కపెట్టె మూత ఊడబీకింది. కడ్డీ పట్టుకుని మెలిక తిప్పింది. కదల్లేదు. మళ్లీ తిప్పింది. తెల్ల సిల్కు చీర మీద దుమ్ము. ఆమె కడ్డీ మీదికి ఒరిగి, రెండు అరచేతులూ ఆనించి, ఒంటి బరువంతా మోపి నొక్కింది. అతను గోడను గుద్దుతూ ఏదో అరుస్తున్నాడు. ఏమని అరిచాడో తర్వాత ఎప్పటికీ గుర్తు రాలేదు.

వాచీ అరుపు టక్కున ఆగింది.

"ఏమయ్యా, ఎంతసేపు? ఏం జరుగుతోంది లోపల?" వెనక ఒక శాస్త్రవేత్త విసుక్కున్నాడు.

"ఫ్యాన్ రిపేర్ సార్" అన్నాడు భాస్కర్, కిటికీ వైపు నుంచి తల తిప్పకుండా.

*

వెర్నర్ ఆ మధ్యాహ్నమే దొరికాడు. ఎర్రకారులో పారిపోబోతూ జాతర బండ్ల మధ్య ఇరుక్కున్నాడు. ముందు పోలేక, వెనక్కి రాలేక, రెండు గంటలు ఒక మేకపిల్ల మొహంలోకి చూస్తూ కూర్చున్నాడట. బ్యూరో మనుషులు నడుచుకుంటూ వెళ్లి పట్టుకున్నారు. మిలిటరీ ట్రక్కు వచ్చి సీసం కుండను తీసుకుపోయింది.

భాస్కర్ అప్పటికి మట్టెవాడ దవాఖాన చీకటి గదిలో ఉన్నాడు. భారతి రవికెకు పెట్టుకున్న క్యాప్సూల్ వేడి చేస్తున్నాడు. వెలుగు వచ్చింది. ముల్లు లేచి, స్కేలు చివరిదాకా పోయి, అక్కడున్న మేకుకు కొట్టుకుని ఆగింది. స్కేలు మార్చాడు. ఇంకా పెద్దది. అక్కడ ఆగింది. ఆ అంకె చూసి అతను స్టూలు మీద చాలాసేపు కూర్చుండిపోయాడు.

భారతి పక్క గదిలో మంచం మీద ఉంది. పక్కన బొక్కెన. దారిలోనే రెండుసార్లు వాంతి అయింది.

"ఎంత?"

"తక్కువనే. నూటయాభై. మందులిస్తే..."

"అరగంటల వాంతి అయినంక మీటర్ అక్కర్లేదు." ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. "అయినా ఆ మీటర్ కాలిబ్రేట్ చేసింది నేను. నా పని తప్పంటున్నవా?"

అతను ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని, మొహం దుప్పటిలో పెట్టుకుని ఏడ్చాడు. ఆమె తల నిమరబోయింది. అరచేతులు అప్పటికే ఎర్రబడి ఉబ్బుతున్నాయి. మోచేత్తో నిమిరింది.

ఈ జబ్బుకు ఒక దగా ఉంది. రెండో రోజుకు వాంతులు ఆగిపోతాయి. వారం, పది రోజులు మనిషి బాగైనట్టే ఉంటుంది. ఎముకల లోపల నెత్తురు చేసే మూలుగ చచ్చిపోయిందని పైకి తెలియదు. బొంబాయి తీసుకెళ్తానని చీఫ్ కబురు పంపాడు. భారతి ఒప్పుకోలేదు.

"మొగిలమ్మకు ఇంక రెండు సిట్టింగులున్నయి. ఫిజిసిస్టును చంపుకున్నం. ఎవరు కొలుస్తరు?"

కొలిచింది భాస్కరే. చేతులకు కట్లతో భారతి కుర్చీలో కూర్చుని చెబుతుంటే, అతను చిమటాతో ఒక్కో సోర్సు మైనం అచ్చులో పొదిగాడు.

"అంచుల దగ్గర కొంచెం దగ్గరదగ్గరగ పెట్టు. పుండు అంచుకు డోసు తగ్గితే మళ్ల లేస్తది. క్యాప్సూల్ జారనియ్యకు."

మొగిలమ్మ ఆమె కట్ల వైపే చూస్తోంది. "డాక్టరమ్మా, చేతులకేమైంది తల్లీ?"

"ఉప్పు ఎక్కువైంది, మొగిలమ్మా."

ముసలామెకు ఏం అర్థమైందో, లేచి వచ్చి భారతి తల మీద చెయ్యి పెట్టింది. "సమ్మక్క తల్లికి నీ పేరు మీద బెల్లం ఇస్త. నిలువెత్తు ఇస్త. జర ఫికర్ చెయ్యకు బిడ్డా."

ఆ సాయంత్రం డోసు సరిగ్గా వచ్చింది. పుండు అంచు ఎండుతోంది. భారతి ఆ అంకెను రెండుసార్లు చెప్పించుకుంది.

మర్నాడు ఆమె ఒక కోరిక కోరింది. "మా అమ్మను చూడాలె. దూరం నుంచి."

తల్లి వరలక్ష్మి గాజుల దుకాణం అక్కడికి నాలుగు సందుల అవతలే. కానీ భారతి మన మనిషని ఎవరికీ తెలియకూడదన్నది చీఫ్ ఆజ్ఞ. ముఠాకు ఇంకా కొమ్మలున్నాయి, వాటిలో మనవాళ్లు ఇద్దరున్నారు. భారతి పేరు బయటికొస్తే ఆమె లోపల చేర్చిన ఆ ఇద్దరి పేర్లూ బయటపడతాయి.

జీపు ఎదురు సందులో ఆగింది. భారతి నల్ల కళ్లద్దాలతో వెనక కూర్చుంది. భాస్కర్ మళ్లీ దొంగ మీసం పెట్టుకుని దుకాణంలోకి వెళ్లాడు. లేకపోతే కాబోయిన అల్లుణ్ని వరలక్ష్మి గుర్తుపడుతుంది.

"ఆకుపచ్చ గాజులియ్యమ్మా. రెండు నాలుగు సైజు."

వరలక్ష్మి చెయ్యి దారం కట్ట మీద ఆగింది. "సన్న చేతులు. మా పిల్లవి గట్లనే ఉండె."

"ఎక్కడున్నదమ్మా?"

"ఉన్నదో లేదో! పోలీసులొచ్చి ఇల్లంత ఎల్లబోసిన్రు. దేశాన్ని అమ్ముకున్నదన్నరు. బజారోళ్లు అడిగితే నాకు బిడ్డనే లేదన్న." గాజులు కాగితంలో చుడుతూ, తల ఎత్తకుండా అంది, "గనీ కొత్త డిజైను దిగినప్పుడల్ల ఆ సైజువి ఒక డజను పక్కకు పెడుత. ఎందుకో నాకే తెల్వది."

భాస్కర్ నోటి దాకా వచ్చిన మాటను మింగాడు. అతను చేసిన పనుల్లో అంత కష్టమైనది ఇంకొకటి లేదు.

జీపులో భారతి అడిగింది. "ఏమన్నది?"

"నీ కోసం గాజులు పక్కకు పెడుతాందట."

ఆమె పొట్లం విప్పమంది. కట్లు కట్టిన చేతులకు గాజులు ఎక్కవు. చెవి దగ్గర గలగలలాడించమంది. అతను ఆడించాడు. జీపు మట్టెవాడ దాటేదాకా ఆడిస్తూనే ఉన్నాడు.

మూడోవారంలో జ్వరం వచ్చింది. జుట్టు దిండు మీదే ఊడిపోయింది. పంటిచిగుళ్ల నుంచి నెత్తురు. ఎక్కించిన రక్తం ఎక్కించినట్టే పోయింది. చివరి మధ్యాహ్నం ఆమెకు కాసేపు తెలివి వచ్చింది.

"పెళ్లి కార్డుల మీద నా పేరు ముందు ఉండెనా, నీది ముందు ఉండెనా?"

"నీదే" అన్నాడు భాస్కర్.

"అబద్ధం" అంది తృప్తిగా. కళ్లు మూసుకుంది.

డాక్టర్ సరస్వతి అనే పేరు మీదే దహనం జరిగింది. వెళ్లింది భాస్కర్, వెంకట్రాజం, ఇద్దరే.

*

కాచిగూడలో టైపు మిషన్లు ఎప్పటిలాగే కొట్టుకుంటున్నాయి. వెంకట్రాజం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. ఈ నెలలో ఆయన పదేళ్లు ముసలివాడయ్యాడు.

"ఫైలుల ఆమె పేరు ఎప్పుడు మారుస్తరు సార్?"

"లోపలున్న ఇద్దరు ఇంటికొచ్చిననాడు. అప్పటిదాక ఆమె దేశద్రోహే." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాకూ ఒక బిడ్డ ఉన్నది భాస్కర్. నన్ను అట్ల చూడకు."

అంతలో చీఫ్ ఏదో గుర్తొచ్చినట్టు ఇబ్బందిగా కదిలాడు.

"ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది. ఆ సైంటిస్టులకు ఏం జరిగిందో తెల్వదు కదా. కంప్లైంట్ ఇచ్చిన్రు. వరంగల్‌ల మీటింగ్ ఆలస్యంగ మొదలైందట, చాయ్ సల్లారిపోయిందట, ఎవరో ఒకామె హాలు తలుపు లోపలనుంచి గడియ పెట్టుకున్నదట. సంజాయిషీ అడుగుతాండ్లు. ఏం చెప్పమంటవ్?"

భాస్కర్ లేచి నిలబడ్డాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు.

"క్షమించమనుండ్రి సార్. మళ్ల ఇట్ల జరగదని చెప్పుండ్రి. అటువంటి మనిషి మన దగ్గర ఒక్కతే ఉండె."